బేస్‌బాల్ ఆడే అర్జునుడు



మా ఊరు నగరి. ఊరి దాపున, దూరం నుంచి చూస్తే మనిషి ముక్కులాగా కనిపించే కొండ ఒకటి ఉన్నది. దాన్ని ముక్కుకొండ అంటారు. ఊళ్ళో చాలా వీధుల్లో పొద్దు పొడిచింది మొదలు మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నేను చాలా ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా పనిచేసి, రిటైరైనాను. సాయంకాలం ఆటల మైదానం పక్కన ఉన్న కల్వర్టు మీద కూచోవటం నాకు అలవాటు.

మొన్న ఒకనాడు అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఏడో తరగతి చదివే కుర్రవాడొకడు వరసగా మూడు బంతులు చేతుల్లోకి వచ్చినవాటిని వదిలేశాడు. మూడోది వదిలేసరికి మిగిలినవాళ్ళకు ఒళ్ళు మండింది.

‘‘నువ్వు పోరా! రేపటినుంచి ఆటకు రావద్దు!’’ అన్నాడు వాళ్ళ పెద్ద.

ఆ కుర్రవాడు మారు మాట్లాడక, చెప్పులు తొడుక్కుని, తల వంచుకుని బయలుదేరాడు. అది చూసి నా మనసు కలుక్కుమన్నది. ఎందుకో చివర చెబుతాను.

నేను వాళ్ళనందరినీ దగ్గిరికి పిలిచాను. వెళ్ళిపోయేవాణ్ణి కూడా ఆపి కూచోబెట్టాను.

‘‘ఒరే, మీలో ఎవరైనా నిమ్మల అర్జున్ పేరు విన్నారా?’’ అని అడిగాను.

‘‘మన పక్క ఊరివాడా, అయ్యవారూ?’’ అన్నాడొకడు.

‘‘కాదు. అమెరికాలో పెరిగినవాడు. బేస్‌బాల్ ఆడి జీవనం చేస్తున్నాడు.’’

‘‘పేరు వింటే మనవాడిలాగే ఉన్నాడే!’’ అన్నారు అందరూ.

అవును, ఇంటిపేరు తెలుగుదే. ఆ రోజు వాళ్ళకు చెప్పిన కథే మీకూ చెబుతున్నాను. అయితే కథ తెలియాలంటే ముందు ఆ ఆట కొంచెం తెలియాలి.

ఆట ఎటువంటిది?

మీరంతా బిళ్ళంగోడు ఆడి ఉంటారు. మా వైపున చిల్లాకట్టె అంటారు. కర్రతో బిళ్ళను కొట్టటం, అవతలివాళ్ళు దాన్ని పట్టుకోవటం, ఇదే దానిలోని కీలకం. బేస్‌బాల్ కూడా ఆ జాతి ఆటే. క్రికెట్‌కు దగ్గిర చుట్టమన్నా తప్పులేదు.

ఒక్కొక్క జట్టులో 9 మంది ఆడతారు. మైదానంలో ఒక చదరం గీసి, దాన్ని మూలమీద నిలబెట్టినట్టు ఊహించుకోండి. ఆ చదరానికి ఒక్కొక్క భుజం 90 అడుగులు, అనగా ఇంచుమించు 27 మీటర్లు. నాలుగు మూలల్లో ఒకటి కొట్టేవాడు నిలబడే చోటు. దాన్ని హోమ్ ప్లేట్ అంటారు. మిగిలిన మూడు మూలలు వరసగా మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతను 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతిని నేలకు తగలకుండా సూటిగా విసురుతాడు. కొట్టేవాడు దాన్ని కొట్టి, బాటు అక్కడే పారేసి, మొదటి బేస్‌కు పరుగు తీస్తాడు. ఎవరూ ఔట్ చెయ్యకుండా నాలుగు మూలలూ చుట్టి మళ్ళీ హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. బంతిని మైదానపు అవతలి గోడ దాటించి కొడితే అది హోమ్ రన్. మన సిక్సరు వంటిదన్నమాట.

కొట్టినవాడు మొదటి బేస్ చేరేలోగా బంతి అక్కడ కాపలా ఉన్నవాడి చేతిలో పడితే కొట్టినవాడు ఔట్. ఇదే ఈ ఆటలోని పందెం. అవతలినుంచి మనిషి పరుగెత్తుతాడు, ఇవతలినుంచి బంతి పరుగెత్తుతుంది. ఎవరు ముందు చేరితే వారిది గెలుపు.

ఈ చదరాన్ని కాచుకునేవాళ్ళు నలుగురు. వాళ్ళను ఇన్‌ఫీల్డర్లు అంటారు. మూడు బేస్‌లకు ముగ్గురు. మరి నాలుగోవాడో? అతనికి బేస్ లేదు. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య సందులో నిలబడతాడు. అతని పేరు షార్ట్‌స్టాప్. కుడిచేతివాటం వాళ్ళు గట్టిగా కొట్టిన బంతులు ఎక్కువగా ఆ దిక్కుకే వస్తాయి. కొట్టేవాళ్ళలో కుడిచేతివాటంవాళ్ళు ఎక్కువ గనక షార్ట్‌స్టాప్‌కు పని కూడా ఎక్కువ. నలుగురిలోకీ చురుకైనవాణ్ణీ, చేతి సత్తువ ఉన్నవాణ్ణీ ఏరి అక్కడ నిలబెడతారు.

మన నిమ్మల అర్జున్ షార్ట్‌స్టాప్.

ఒక్క సెకండు లెక్క

లెక్కల మాస్టర్ని గనక నాకు ఏది చూసినా లెక్క వెయ్యబుద్ధి అవుతుంది. మీరు కూడా కాగితం, పెన్సిలు తీసుకోండి.

కుడిచేత్తో కొట్టి పరుగెత్తే ఆటగాడు మొదటి బేస్ చేరటానికి సుమారు నాలుగుంపావు సెకండ్లు పడుతుంది. అతను కొట్టిన బంతి నేలమీద ఎగురుతూ, దొర్లుతూ షార్ట్‌స్టాప్ దగ్గిరికి రావటానికి రెండు సెకండ్లు పట్టిందనుకుందాం. అక్కడినుంచి మొదటి బేస్ సుమారు 38 మీటర్ల దూరం. మంచి చేతివాటం ఉన్నవాడు విసిరితే బంతి ఒకటింబావు సెకండులో అక్కడ పడుతుంది. రెండూ, ఒకటింబావూ కూడితే మూడుంబావు. నాలుగుంబావులోనుంచి మూడుంబావు తీసెయ్యండి. మిగిలింది ఎంత?

ఒక్క సెకండు!

ఆ ఒక్క సెకండులో షార్ట్‌స్టాప్ వంగి, ఎడమచేతికి తొడుక్కున్న తోలు గ్లవ్‌తో బంతిని పట్టి, దాన్ని కుడిచేతిలోకి మార్చుకుని, కాళ్ళు సర్దుకుని, గురి చూసి విసరాలి. బంతి ఒకసారి చేతిలోనుంచి జారిందా, సెకండు కాస్తా అయిపోయిందే. నేలమీద చిన్న రాయి తగిలి బంతి పక్కకు ఎగిరితే అప్పటికప్పుడు చెయ్యి మార్చాలి. ఆలోచించటానికి వ్యవధి ఉండదు. అందుకనే వాళ్ళు ఈ పనిని వేలసార్లు అభ్యాసం చేస్తారు. మన అమ్మ చెయ్యి చూడకుండానే పోపులపెట్టెలో ఆవాల గిన్నెమీదికి పోతుంది చూశారా, అట్లాగే వాళ్ళ చెయ్యి బంతిమీదికి పోతుంది.

ఇక బంతి సంగతి. బేస్‌బాల్ బంతి బరువు 142 మొదలు 149 గ్రాముల దాకా ఉంటుంది. క్రికెట్ బంతికన్న ఒక్కపిసరు తేలిక. లోపల బెరడు, రబ్బరు. దానిమీద నూలుదారం, ఉన్నిదారం గట్టిగా చుడతారు. పైన తెల్లని తోలు. ఆ తోలును ఎర్రదారంతో 108 జంట కుట్లు వేసి కుడతారు. ఆ కుట్లు అందానికి కాదు. పిచర్ బంతిని గిర్రున తిప్పుతూ విసిరినప్పుడు కుట్లు గాలిని పట్టుకుంటాయి. బంతికి ఒకపక్క గాలి ఒకలాగా, ఇంకోపక్క ఇంకోలాగా జారిపోయి, బంతి దారి మళ్ళుతుంది. సూటిగా వస్తున్నదనుకున్న బంతి హఠాత్తుగా కిందికి దిగిపోతుంది, లేదా పక్కకు తొలగిపోతుంది.

గొప్ప పిచర్లు గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో విసరగలరు. ఆ బంతి కొట్టేవాణ్ణి చేరటానికి సెకండులో పదింట నాలుగు వంతులు మాత్రమే పడుతుంది. ఇది రెప్పపాటు కాలం. దానిలోనే బంతి ఎక్కడికి వస్తుందో పోల్చి, కొట్టాలో వద్దో నిశ్చయించుకుని, గుండ్రని కర్రబాటుతో గుండ్రని బంతిని కొట్టాలి. క్రికెట్ బాటుకైనా చదునైన ముఖం ఉంటుంది. దీనికి అదీ లేదు!

అందుచేత ఈ ఆటలో ఒక విచిత్రం ఉన్నది. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు సరిగా కొట్టి బేస్ చేరగలిగితే వాణ్ణి గొప్ప ఆటగాడంటారు. అమెరికాలోని మేజర్ లీగ్ పోటీల్లో టెడ్ విలియమ్స్ అనే అతను 1941లో ఒక ఆటకాలం పొడుగునా పదింట నాలుగు కొట్టాడు. నూటికి 35 వస్తే పాసు అని మీకు బడిలో చెబుతారు గదా? ఇక్కడ నూటికి 30 వస్తే ఫస్టు క్లాసు!

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. కథలో దీనితో పని ఉన్నది.

అర్జున్ కథ

నిమ్మల అర్జున్ 2005 అక్టోబరులో పుట్టాడు. తల్లిదండ్రులు భారతదేశంనుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడినవాళ్ళు. ఆ దేశపు ఆగ్నేయమూలన, సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టుండే ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా నగరం చుట్టుపట్ల అతను పెరిగాడు. మన ఇళ్ళలో పిల్లలందరిలాగే చిన్నతనంలో క్రికెట్ బాటు కూడా పట్టుకున్నాడు. కాని ఆ దేశంలో వీధి వీధినా కనిపించేది బేస్‌బాల్. అతని మనసు దానిమీదికి పోయింది.

డోవర్ అనే చిన్న ఊళ్ళో స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూలు ఉన్నది. అర్జున్ అక్కడ చదువుతూ షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. అతని ఆట చూడటానికి పెద్ద పెద్ద జట్లవాళ్ళు మనుషులను పంపసాగారు. వాళ్ళు నోటుపుస్తకాలు పట్టుకుని, స్టాప్‌వాచీలు పెట్టుకుని కూచుంటారు. కుర్రవాడు ఎంత వేగంగా పరుగెత్తుతున్నాడు, చెయ్యి ఎంత దూరం విసురుతుంది, తప్పు చేస్తే మొహం ఎట్లా పెడతాడు, ఇదంతా రాసుకుంటారు.

అమెరికాలోనూ కెనడాలోనూ కలిపి మేజర్ లీగ్ జట్లు 30 ఉన్నాయి. ఏటేటా ఒకసారి అవన్నీ కూడి, వంతులవారీగా కొత్త కుర్రవాళ్ళను ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్టు అంటారు. 2023 జూలైలో సియాటిల్ నగరంలో జరిగిన డ్రాఫ్టులో అర్జున్ పేరు 20వదిగా పిలిచారు. ఏరుకున్నది కెనడా దేశపు టొరాంటో నగరానికి చెందిన బ్లూ జేస్ జట్టు. అప్పటికి అతనికి 18వ ఏడు ఇంకా నిండలేదు. తల్లిదండ్రులు భారతదేశంనుంచి వలసవెళ్ళగా అక్కడ పెరిగిన కుర్రవాడు ఒకడు డ్రాఫ్టు మొదటి విడతలోనే ఎంపిక కావటం అదే మొదలు.

అంతకుముందు బేస్‌బాల్‌లో మనదేశంవాళ్ళు లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఈటె విసిరే కుర్రవాళ్ళు, బంతి వేగంగా విసిరే పోటీ ఒకదానిలో రాణించి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. వాళ్ళు పిచర్లు. తల్లివైపున భారతీయుడైన కుమార్ రాకర్ అనే పిచర్ 2024 సెప్టెంబరులో టెక్సస్ రేంజర్స్ తరపున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. అర్జున్ మాత్రం పిచర్ కాదు, చదరం కాచేవాడు.

అతని ముందు అప్పుడు రెండు దార్లు ఉన్నవి. ఒకటి చదువు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి జట్టులో ఆడటానికి అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు. రెండోది వెంటనే బ్లూ జేస్‌తో ఒప్పందం చేసుకుని ఆటను వృత్తిగా తీసుకోవటం. వాళ్ళు ఇస్తామన్నది 30 లక్షల డాలర్లు. ఆనాటి మారకం లెక్కన మన డబ్బులో 24 కోట్ల రూపాయల పైచిలుకు.

‘‘అమ్మో! అంత డబ్బే! ఇంకేం, అయ్యవారూ, కథ సుఖాంతం!’’ అన్నారు మా పిల్లలు.

నేను నవ్వాను. కథ అక్కడే మొదలవుతుంది.

నిచ్చెన మెట్లు

జట్టు ఏరుకున్నంత మాత్రాన మర్నాడే పెద్ద మైదానంలో ఆడనివ్వరు. పెద్ద జట్టు కింద చిన్న జట్లు ఉంటాయి. వాటిని మైనర్ లీగ్ జట్లు అంటారు. అవి నిచ్చెన మెట్లలాగా ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళ శిక్షణ పోటీలు అన్నిటికన్న అడుగున. దానిపైన సింగిల్ ఏ, దానిపైన హై ఏ, ఆపైన డబుల్ ఏ, ఆపైన ట్రిపుల్ ఏ. ఇవన్నీ ఎక్కితే పైన మేజర్ లీగ్. మనం ఒకటో తరగతినుంచి పైకి పోయినట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ ఏడు పూర్తయినంతమాత్రాన పై తరగతికి పంపరు. ఎక్కలేక మధ్యలోనే దిగిపోయేవాళ్ళు చాలామంది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. అమెరికాలో హైస్కూలు పిల్లలు సాధారణంగా లోహపు బాటుతో ఆడతారు. వృత్తిగా ఆడేవాళ్ళు కర్రబాటుతోనే ఆడాలి. ఏ బాటుకైనా బంతి తగలవలసిన సరియైన చోటు ఒకటి ఉంటుంది. బంతి అక్కడ తగిలితే చేతులకు తెలియనే తెలియదు, బంతి దూరం పోతుంది. కొంచెం అటూ ఇటూ తగిలితే బాటు యావత్తూ వణుకుతుంది. బంతికి పోవలసిన సత్తువ ఆ వణుకులో ఖర్చయిపోతుంది; చేతులు జివ్వుమంటాయి; బాటు విరగవచ్చు కూడా. కర్రబాటులో ఆ మంచి చోటు చిన్నది. దానికితోడు మునుపు బంతి విసిరినవాళ్ళు తోటి పిల్లలు, ఇప్పుడు విసిరేవాళ్ళు తనకన్న రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళు.

2024లో అర్జున్‌ను డనీడిన్ అనే ఊళ్ళోని సింగిల్ ఏ జట్టులో వేశారు. ఆ ఊరు ఫ్లోరిడాలోనే, టాంపాకు దగ్గిరలో సముద్రపు ఒడ్డున ఉన్నది. ఏప్రిల్‌లో పోటీలు మొదలైనాయి. అర్జున్‌కు 18 ఏళ్ళు. జనమంతా అతన్నే చూస్తున్నారు. డ్రాఫ్టులో మొదటి విడత ఎంపికైనవాడు గదా!

అతను కొట్టలేకపోయాడు.

ఒకనాడు కాదు, రెండునాళ్ళు కాదు, వారాల తరబడి అదే వరస. పదింట మూడు గొప్ప అన్నాను గదా? అతనికి పదింట రెండు కూడా రావటం లేదు. బంతి పక్కనుంచి పోతూంటే బాటు గాలిని కోస్తున్నది. ఆ సమయంలో ఆ కుర్రవాడి మనసు ఎట్లా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. వెనక విశ్వవిద్యాలయం తలుపు మూసుకుని వచ్చాడు. ముందు నిచ్చెన కింది మెట్లమీదే కాలు జారుతున్నది.

మే నెలలో శిక్షకులు అతన్ని పోటీలనుంచి పక్కకు తీశారు.

పోగు తెగితే ఏంచేస్తారు?

ఇక్కడ నేను కథ ఆపి మా పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. వాళ్ళలో సగంమంది మగ్గాలవారి పిల్లలే.

‘‘ఒరే, మగ్గం ఆడుతూండగా పడుగులో పోగు తెగితే మీ నాయన ఏంచేస్తాడు?’’

‘‘మగ్గం ఆపుతాడు, అయ్యవారూ.’’

‘‘ఆపి?’’

‘‘తెగిన కొసలు వెతికి ముడివేసి, మళ్ళీ ఆడిస్తాడు.’’

‘‘ఆపకుండా పోనిస్తే?’’

‘‘గుడ్డ పొడుగునా గీత పడిపోతుంది. ఆ గుడ్డ ఎవరూ కొనరు.’’

‘‘పోగు తెగిందని మగ్గాన్ని తీసి పారేస్తే?’’

అందరూ పకపకా నవ్వారు. ‘‘అట్లా ఎవరైనా చేస్తారా, అయ్యవారూ!’’ అన్నారు.

అర్జున్ విషయంలో శిక్షకులు చేసింది ఇదే. మగ్గం ఆపారు. పారేయలేదు. రోజూ పోటీలో దిగి రోజూ ఓడిపోతూంటే తప్పు సరిదిద్దుకోవటానికి తీరిక ఎక్కడిది? తప్పే అలవాటైపోతుంది. అందుకని కొంతకాలం పోటీలు మాన్పించి, బాటు పట్టే తీరూ, ఊపే తీరూ విప్పి చూసి, ఎక్కడ పోగు తెగిందో వెతికారు. అతను మళ్ళీ మొదటినుంచి అభ్యాసం చేశాడు. తరవాత అన్నిటికన్న కింది మెట్టు పోటీల్లో కొద్దిగా ఆడించారు. ఆ తరవాతనే డనీడిన్ జట్టులోకి తిరిగి పంపారు.

తిరిగి వచ్చినవాడు వేరే మనిషిలాగా ఆడాడు. బంతులు గోడ దాటసాగాయి. ఆ ఆటకాలం ముగిసేసరికి అతను కొట్టిన హోమ్ రన్లు 15కు మించాయి. 18 ఏళ్ళ కుర్రవాడికి, అందులోనూ చదరం కాచేవాడికి, ఇది చిన్న లెక్క కాదు.

అయితే పిల్లలూ, దీన్ని మీరు అద్భుత కథలాగా తీసుకోవద్దు. అంతటితో అతని కష్టాలన్నీ తీరిపోలేదు. 2025లో అతన్ని ఒక మెట్టు పైకి ఎక్కించి, కెనడా పడమటి కొసన ఉన్న వాంకూవర్ నగరపు కెనేడియన్స్ జట్టులో వేశారు. అది హై ఏ. మొదట్లో బాగా ఆడాడు. తరవాత మళ్ళీ వెనకపట్టు పట్టాడు. ఏడు మొత్తంమీద లెక్క చూస్తే నాలుగింట ఒకటి కూడా పడలేదు. కాని పదికి మించి హోమ్ రన్లు కొట్టాడు, జట్టుకు షార్ట్‌స్టాప్‌గా నిలిచాడు. ఆ ఆటకాలం చాలావరకు అతనికి 19 ఏళ్ళే. అతని ఎదట ఆడినవాళ్ళలో పెద్దవాళ్ళే ఎక్కువ. 2025 ఆటకాలం ముగిసేనాటికి అతను మేజర్ లీగ్ మెట్టు ఎక్కలేదు. మధ్య ఇంకా రెండు మెట్లు ఉన్నాయి.

పై మెట్టుమీద ఉన్నవాళ్ళో, తక్కువవాళ్ళు కారు. టొరాంటో జట్టు 1992లోనూ 1993లోనూ వరల్డ్ సిరీస్ గెలిచింది. 2025లో మళ్ళీ ఆ చివరి పోటీ దాకా వచ్చి, ఏడో ఆటలో, అదనపు ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజలస్ డాడ్జర్స్ చేతిలో ఓడింది. అటువంటి జట్టులో చోటు సంపాదించటం ఎంత కష్టమో ఆలోచించండి.

చదరం కాచేవాళ్ళలో అందరూ తలచుకునే పేరు జాకీ రాబిన్సన్. ఆ రోజుల్లో అమెరికాలో నల్లవారిని మేజర్ లీగ్‌లో ఆడనిచ్చేవాళ్ళు కారు. రాబిన్సన్‌ను బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఎంచుకున్నది. అయినా అతను కూడా ముందు 1946లో కెనడాలోని మాంట్రియాల్ నగరపు చిన్న జట్టులో ఒక ఏడాది ఆడవలసి వచ్చింది. 1947 ఏప్రిల్ 15న మొదటి బేస్ కాస్తూ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. జనం తిట్టారు, ఎగతాళి చేశారు. అతను ఆటతోనే జవాబు చెప్పాడు. అతని అంగీమీది సంఖ్య 42. ఆ సంఖ్యను ఇక ఏ జట్టులోనూ ఏ ఆటగాడికీ కొత్తగా ఇవ్వరాదని 1997లో మేజర్ లీగ్ నిర్ణయించింది. రాబిన్సన్ పడిన కష్టం వేరు, అర్జున్ పడుతున్న కష్టం వేరు. కాని పై మెట్టు చేరిన రాబిన్సన్ కూడా కింది మెట్టుమీద కాలు మోపకుండా పోలేదు.

నా తప్పు

ఇప్పుడు ఆ కుర్రవాడు తలవంచుకుని వెళ్ళిపోతూంటే నా మనసు ఎందుకు కలుక్కుమన్నదో చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట నేను ఒక బడిలో లెక్కలు చెబుతూ క్రికెట్ జట్టును కూడా చూసుకునేవాణ్ణి. జట్టులో ఒక కుర్రవాడు ఉండేవాడు. మొదట బాగా ఆడేవాడు. తొమ్మిదో తరగతికి వచ్చాక బంతులు వదిలెయ్యటం మొదలుపెట్టాడు. పోటీలు దగ్గిరపడ్డాయి. నేను కోపంతో, ‘‘నీకిది రాదు. పోయి పుస్తకాలు చూసుకో,’’ అని పదిమంది ఎదటా అని, అతని పేరు కొట్టేశాను. అతను మరి మైదానంలోకి రాలేదు. నేను ఎదురైతే పక్కసందులోకి తిరిగిపోయేవాడు.

మరుసటి ఏడు బడిలో పిల్లలకు కళ్ళు పరీక్ష చేశారు. ఆ కుర్రవాడికి దూరపు చూపు సరిగా ఆనదని తేలింది. బంతి దగ్గిరికి వచ్చేదాకా అతనికి కనిపించేది కాదు! తరగతిలో నల్లబల్ల మీది లెక్కలు కూడా అతను పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకునేవాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, కాని ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. అతనికి కళ్ళజోడు వచ్చింది. కాని మైదానంమీది ఇష్టం తిరిగి రాలేదు. నేను వెళ్ళి, ‘‘తప్పు నాది, మళ్ళీ రా,’’ అని పిలిచాను. ‘‘వద్దు, సార్,’’ అన్నాడు.

నేను మగ్గం ఆపాను. తెగిన కొసలు వెతకలేదు.

ఈ కథ విన్న తరవాత మా పిల్లలు కొంచెంసేపు మాట్లాడలేదు. జట్టు పెద్ద నేలమీద గీతలు గీస్తూ కూచున్నాడు.

నేను బంతులు వదిలేసిన ఏడో తరగతి కుర్రవాణ్ణి లేచి నిలబడమన్నాను. మెత్తని బంతి పది సార్లు వాడివైపు విసిరాను. వాడి చూపు బాగానే ఉన్నది. కాని బంతి దగ్గిరికి రాగానే వాడు కళ్ళు మూసుకుంటున్నాడు, చేతులు కర్రల్లాగా బిగబెడుతున్నాడు. ఒకసారి గట్టిబంతి వేలికి తగిలి వాచిందట. అప్పటినుంచి భయం.

‘‘ఇదా సంగతి!’’ అన్నాడు జట్టు పెద్ద. ‘‘అయితే ఒరే, రేపటినుంచి ముందుగా వచ్చెయ్యి. నేను మెత్తబంతితో వేస్తాను.’’

మీరు చెయ్యవలసిన అభ్యాసం

షార్ట్‌స్టాప్‌లు చిన్నతనంలో చేసే అభ్యాసాల్లో తేలికైనది ఒకటి చెబుతాను. దీనికి గోడా, రబ్బరుబంతీ ఉంటే చాలు. గాజుకిటికీలు లేని గోడ చూసుకోండి! గోడకు ఆరు అడుగుల దూరంలో నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, బంతిని గోడ అడుగున తగిలేటట్టు విసరండి. తిరిగి వచ్చే బంతిని రెండు చేతులా పట్టండి. చేతులు బిగబెట్టవద్దు, బంతి తగిలేటప్పుడు చేతులను కొంచెం వెనక్కు లాగండి. గుడ్డును పట్టినట్టు పట్టాలి. బంతి చేతుల్లో పడేదాకా చూపు తిప్పవద్దు. మహాభారతంలో అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించినట్టు మీకు బంతి ఒక్కటే కనిపించాలి.

రోజుకు 50 సార్లు విసరండి. ఎన్ని పట్టారో, ఎన్ని వదిలేశారో ఒక పుస్తకంలో నిజం రాయండి. నెల అయినాక మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మా కుర్రవాడు కూడా ఇప్పుడు అట్లాగే రాస్తున్నాడు. మర్నాడు సాయంకాలం వాడు అందరికన్న ముందే మైదానానికి వచ్చాడు. ఆ రోజు ఆటలో మూడు బంతులు వాడి దగ్గిరికి వచ్చాయి. రెండు వదిలేశాడు. ఒకటి పట్టాడు.

మీ పుస్తకంలో మొదటి రోజు లెక్క ఎంత వచ్చిందో మీ మాస్టరుగారికి చూపించండి. తక్కువ వచ్చిందని సిగ్గుపడవద్దు.